దీపాలకు కాటుక

మా చెల్లెలి కొడుకు కొత్త కారు వెనక దీపాల మీద డబ్బాతో నల్లరంగు చల్లుతున్నాడు. ఏమిట్రా ఈ కాటుక అంటే, "స్మోక్ లుక్కు పెద్దమ్మా! అరగంట పని" అన్నాడు. దిష్టిచుక్క అయితే నేనూ ఊరుకుందును.

1971 యుద్ధం రోజుల్లో బండ్ల హెడ్‌లైట్లకు నల్లరంగు పూసేవారు, శత్రు విమానాలకు కనబడకూడదని. మరి వీడు ఎవరికి కనబడకూడదనో! మిర్చి సీజన్లో చిలకలూరిపేట నుంచి గుంటూరు యార్డుకు రాత్రంతా టిక్కీల లారీలేనాయె. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో 22 మీటర్లు దూసుకొస్తుంది. మన బ్రేకు దీపం ఆ డ్రైవరు కంటబడ్డం ఒక్క సెకను ఆలస్యమైతే చాలదూ?

ట్రాక్టరు ట్రక్కుకు వెనక ఎర్రదీపం లేదని పత్తిరైతును నోరారా తిట్టేది మనమే. ఆయనకు లేక లేదు. మనం లక్షలు పోసి కొన్న దీపాన్ని, మళ్ళీ డబ్బు పెట్టి ఆర్పుకుంటున్నాం! కారు అద్దాలకు నల్లఫిల్ములు వద్దని 2012లో సుప్రీంకోర్టు అన్నదిగదా, ఆ సరదా ఇప్పుడు దీపాల మీద పడ్డట్టుంది.

"వెలుగుతూనే ఉన్నాయిగా" అంటాడు. షెడ్డు చీకట్లో వెలగక ఏం చేస్తాయి? మర్నాడు మిట్టమధ్యాహ్నం కారు రోడ్డు మీద పెట్టించి, వాణ్ణి వెనక పాతిక గజాల్లో నిలబెట్టి, నేను లోపల కూర్చున్నాను.

"ఊఁ, బ్రేకు తొక్కు పెద్దమ్మా!" అని అరిచాడు.

"తొక్కే ఉన్నానురా" అన్నాను.