పక్క తడిపితే కొట్టకండి!

వేసవి సెలవుల్లో అమ్మమ్మ గారి ఊరంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఏడెనిమిదేళ్లొచ్చినా రాత్రిళ్లు పక్క తడిపేవాళ్లు మాత్రం ఏదో ఒక వంక పెట్టి తప్పించుకోవాలని చూస్తారు. తెల్లారేసరికి దుప్పటి తడిస్తే అక్కడి పిల్లలంతా నవ్వుతారన్న భయం! ఇంట్లో అయినా నయమా అంటే అదీ లేదు. 'ఇంతవాడివయ్యావు, సిగ్గు లేదూ?' అన్న తిట్టుతోనే తెల్లారుతుంది. వాత పెడతామని బెదిరించే పెద్దలూ ఉన్నారు. ఒళ్లు తెలియని నిద్రలో జరిగేదానికి శిక్ష వేస్తే ఏం లాభం? భయం పెరుగుతుందంతే.

అయిదేళ్ల పిల్లల్లో నూటికి సుమారు 15 మందికి ఈ ఇబ్బంది ఉంటుంది. ఏటా వారిలో కొందరికి దానంతటదే తగ్గిపోతుంది. అమ్మానాన్నల్లో ఒకరికి చిన్నప్పుడు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం 40 శాతం పైనే. ఇద్దరికీ ఉంటే 70 శాతం దాటుతుంది. (కొడుకును తిట్టేముందు నాన్న ఓసారి నానమ్మను అడిగి చూడటం మంచిది!)

రాత్రిపూట మూత్రం తక్కువగా తయారయ్యేలా చూసే వాసోప్రెసిన్ హార్మోను కొందరిలో చాలినంత ఉండదు. మూత్రాశయం నిండినా మెలకువ రాదు. చాలా ఇళ్లలో ఎవరూ పట్టించుకోని కారణం మలబద్ధకం. పేగులో పేరుకున్న మలం మూత్రాశయాన్ని నొక్కుతుంది. అది తగ్గితే చాలామందిలో పక్క తడపడమూ తగ్గుతుంది.

నీళ్లు పగలే బాగా తాగించాలి. సాయంత్రం నుంచి టీ, కాఫీ, కూల్‌డ్రింకులు వద్దు. పడుకోబోయే ముందు తప్పనిసరిగా మూత్రానికి పంపాలి. ఇవన్నీ చేసినా ఆరేడేళ్లు దాటాక తగ్గకపోతే డాక్టరు సలహాతో తడి తగలగానే మోగే అలారం వాడొచ్చు. మొదట్లో దాని మోతకు లేచేది అమ్మే! ఓపికగా రెండు మూడు నెలలు వాడితే ఎక్కువమందికి గుణం కనిపిస్తుంది. పెళ్లిళ్లకు, ఊళ్లకు వెళ్లేటప్పుడు డెస్మోప్రెసిన్ మాత్రలు ఉపయోగపడతాయి గానీ, మానేస్తే సమస్య తిరిగి రావచ్చు. మాత్ర వేసుకునే గంట ముందు నుంచి తెల్లారేదాకా నీళ్లు ఎక్కువగా తాగితే ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. అందుకే సొంతంగా కొని వాడకూడదు.

ఆరు నెలలకు పైగా పక్క తడపని పిల్లలు ఉన్నట్టుండి మళ్లీ మొదలుపెడితే మాత్రం కారణం వెతకాల్సిందే. మూత్రంలో మంట ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. బడిలోనో, ఇంట్లోనో ఏదైనా మనసును కలచివేసి ఉండొచ్చు. దాంతోపాటు విపరీతమైన దాహం, బరువు తగ్గడం కనిపిస్తే ఆ రోజే చక్కెర పరీక్ష చేయించాలి. అది పిల్లల్లో వచ్చే మధుమేహం కావచ్చు. ఎండలకు దాహం మామూలేలే అని ఆలస్యం చేస్తే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.