మీ బండికి వెలుగు.. ఎదుటివాడికి చీకటి! జినాన్ కిట్లతో అసలు చిక్కు ఎక్కడ?

రాత్రి ఎనిమిది దాటింది. డివైడర్ లేని డబుల్ రోడ్డు. బైక్‌పై భార్యాభర్తలు, మధ్యలో చిన్నపాప. ఎదురుగా ఓ కారు వస్తోంది. తెల్లగా, కాస్త నీలంగా మెరిసే లైట్లు. ఆ వెలుగు కళ్లలో పడగానే రోడ్డు అంచు కనిపించదు. ముందున్న గుంత కనిపించదు. ఎడమ పక్కన ఆపిన ట్రాక్టర్ ట్రాలీ అసలే కనిపించదు. కారు దాటిపోయాక కూడా కాసేపు కళ్ల ముందు చీకటే. తెలుగు రాష్ట్రాల్లో రాత్రిపూట బండి నడిపే వాళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు అరుదు.

తప్పెవరిది? హైబీమ్‌లో వచ్చాడని కారు డ్రైవర్‌ను తిట్టుకుంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ కొన్నిసార్లు ఆ డ్రైవర్ డిమ్‌లోనే ఉంటాడు. డిమ్‌లో ఉన్నా ఎదుటివాళ్ల కళ్లు చెదురుతాయి. కారణం.. కంపెనీ ఇచ్చిన హాలోజన్ బల్బు తీసేసి, అదే డూమ్‌లో బయట కొన్న జినాన్ కిట్ పెట్టడం. మెకానిక్‌లు దీన్నే హెచ్‌ఐడీ కిట్ అంటారు. ఇప్పుడు దీని స్థానంలోకి ఎల్‌ఈడీ బల్బులు వచ్చేశాయి. పేరు మారింది కానీ సమస్య అదే.

అసలు ఎందుకు మారుస్తున్నారు?

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. కిట్ పెట్టించేవాళ్లంతా షోకు కోసమే పెట్టించడం లేదు. మన జిల్లా రోడ్లపై వీధి దీపాలు ఊళ్ల దగ్గరే ఉంటాయి. ఊరు దాటితే చిమ్మచీకటి. గేదెలు, సైకిళ్లు, లైట్లు లేని ట్రాలీలు, పేరుకే స్పీడ్ బ్రేకర్ అనిపించుకునే మట్టి కుప్పలు. నాలుగైదేళ్లు వాడిన కారుకు హెడ్‌లైట్ ప్లాస్టిక్ పసుపుబారి ఉంటుంది. వెలుగు చాలడం లేదన్న బాధ నిజమైనదే.

ఇక్కడే మార్కెట్ అందుకుంటుంది. విజయవాడ ఆటోనగర్ అయినా, సికింద్రాబాద్ రాణిగంజ్ అయినా కొన్ని వేల రూపాయలకు కిట్ దొరుకుతుంది. గంటలో బిగించేస్తారు. అంకెలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. మామూలు హెచ్4 హాలోజన్ బల్బు డిమ్‌లో సుమారు 1,000 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. 35 వాట్ల అసలు జినాన్ బల్బు దాదాపు 3,200 ల్యూమెన్లు ఇస్తుంది. తక్కువ కరెంటు, మూడింతల వెలుగు. ఇంకేం కావాలి?

కావాల్సింది ఒకటుంది. ఆ వెలుగు ఎక్కడ పడుతోంది అన్నది.

బల్బు మారింది.. డూమ్ మారలేదు

హెడ్‌లైట్ అంటే బల్బు ఒక్కటే కాదు. వెనకున్న అద్దంలాంటి రిఫ్లెక్టర్, ముందున్న లెన్స్, మధ్యలో బల్బు.. ఈ మూడూ కలిస్తేనే హెడ్‌లైట్. హాలోజన్ బల్బులో వెలిగేది సన్నటి తీగ చుట్ట. అది ఎంత పొడవు ఉండాలి, సరిగ్గా ఏ చోట ఉండాలి అన్న లెక్కతోనే రిఫ్లెక్టర్ వంపు గీస్తారు. హెచ్4 బల్బులో డిమ్ తీగ కింద చిన్న లోహపు తొడుగు కూడా ఉంటుంది. వెలుగు పైకి పోకుండా ఆపేది అదే.

జినాన్‌లో తీగ ఉండదు. గాజు గుళికలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య మెరుపులాంటి ఆర్క్ వెలుగుతుంది. దాని ఆకారం వేరు, కాంతి వచ్చే తీరు వేరు. తీగ కోసం గీసిన రిఫ్లెక్టర్‌లో ఆర్క్‌ను పెడితే వెలుగు గీత తప్పి చెల్లాచెదురవుతుంది. కొంత రోడ్డుపై, కొంత చెట్ల కొమ్మలపై, మిగిలింది ఎదుటివాడి కళ్లలో.

మరి కంపెనీ నుంచే జినాన్‌తో వచ్చిన కార్లు? ఈ లైట్లు 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో రోడ్డెక్కాయి. ఐరోపా నిబంధనల ప్రకారం ఇంత శక్తి ఉన్న లైట్లకు రెండు తోడు ఉండాలి. వెనక బరువు పెరిగి ముందు భాగం పైకి లేస్తే లైటును దానంతటదే కిందకు దించే ఆటో లెవలింగ్ ఒకటి. లెన్స్‌పై దుమ్ము కడిగే వాషర్ రెండోది. అంటే బల్బు చుట్టూ ఒక వ్యవస్థే ఉంటుంది. కిట్‌లో మాత్రం బల్బులు, బలాస్ట్‌లు, నాలుగు వైర్లు ఉంటాయి. అంతే.

పెట్టించినవాడికైనా లాభమా?

అదీ పూర్తిగా కాదు. చెదిరిన వెలుగులో ఎక్కువ భాగం బండికి దగ్గరలోనే పడుతుంది. బానెట్ ముందు రోడ్డు పాలలా మెరుస్తుంది. అబ్బ, ఎంత వెలుగో అనిపిస్తుంది. కానీ కన్ను ఆ దగ్గరి వెలుగుకు అలవాటుపడి, దూరంగా చీకట్లో ఉన్న మనిషిని ఆలస్యంగా గుర్తిస్తుంది. అంటే బాగా కనిపిస్తోందన్న ధీమా పెరుగుతుంది, నిజంగా కనిపించే దూరం మాత్రం అంతగా పెరగదు. ఆ ధీమాతో స్పీడ్ పెరిగితే ఇంకా ప్రమాదం.

రంగు విషయంలోనూ ఇంతే. కంపెనీ జినాన్లు సాధారణంగా 4,300 కెల్విన్ దగ్గర ఉంటాయి. షాపుల్లో 6,000, 8,000 అంటూ అమ్ముతారు. ఆ అంకె వెలుగు ఎంతో చెప్పదు, రంగు ఏమిటో చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది, పనికొచ్చే వెలుగు తగ్గుతుంది. వానలో తడిసిన తారు రోడ్డుపై ఆ నీలి వెలుగు వేసినా వేయనట్టే ఉంటుంది.

3 సెకన్లు.. 66 మీటర్లు

ఎదుటివైపు నుంచి చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. కళ్లు చెదిరి 3 సెకన్లు ఏమీ కనిపించకపోతే బండి 66 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. వయసు పైబడినవాళ్లకు, కంట్లో శుక్లాలు ఉన్నవాళ్లకు చూపు తిరిగి కుదురుకోవడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. ఎక్కువ ప్రమాదాలు నమోదైన సమయం సాయంత్రం 6 నుంచి రాత్రి 9 వరకు. అవన్నీ లైట్ల వల్లే అని కాదు. కానీ రద్దీ, అలసట, చీకటి కలిసే ఆ వేళలో కళ్లు చెదరడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

పెట్టాక మొదలయ్యే తలనొప్పులు

బిగించిన రోజు అంతా బాగానే ఉంటుంది. తర్వాతే అసలు కథ. జినాన్ బల్బు వెలగాలంటే బలాస్ట్ ఒక్క క్షణం 20 వేల వోల్టులకు పైగా పంపాలి. వెలిగాక 85 వోల్టుల దగ్గర నిలకడగా నడుస్తుంది. వెలిగే ఆ క్షణంలో కరెంటు గట్టిగా లాగుతుంది. కారు పాత వైరింగ్‌కే నేరుగా కలిపేస్తే అక్కడే తిప్పలు.

లైటు మినుకుమినుకుమంటే ముందు అనుమానించాల్సింది ఎర్త్ కనెక్షన్‌ను, రిలే లేకుండా చేసిన వైరింగ్‌ను. కొత్త కార్లలో హెడ్‌లైట్ కరెంటును కంప్యూటర్ చూసుకుంటుంది. దానికి జినాన్ లోడు అర్థం కాదు. అందుకే డాష్‌బోర్డ్‌పై హెచ్చరిక వెలగడం, లైటు దానంతటదే ఆరిపోవడం జరుగుతుంది.

ఒక వైపు లైటే పోతే మెకానిక్‌లు చేసే పరీక్ష ఒకటుంది. కుడి బల్బును ఎడమకు, ఎడమ బల్బును కుడికి మారుస్తారు. రోగం బల్బుతో పాటు పక్కకు మారితే బల్బు పోయినట్టు. మారకపోతే బలాస్ట్‌లు మార్చి చూస్తారు. అప్పుడూ అదే వైపు ఉంటే ఫ్యూజ్, వైరు, ఎర్త్ చూడాల్సిందే. అయితే ఇది ఇంట్లో సరదాగా చేసే పని కాదు. వేల వోల్టుల వ్యవహారం. స్విచ్ ఆపి, బ్యాటరీ టెర్మినల్ తీశాకే చెయ్యి పెట్టాలి. బల్బు గాజును వేళ్లతో ముట్టుకోకూడదు.

రెండు లైట్లు రెండు రంగుల్లో వెలుగుతుంటే ఒకటి పాతబడినట్టు. వాడేకొద్దీ జినాన్ రంగు నీలం, ఊదా వైపు జరుగుతుంది. అందుకే మారిస్తే జతగా మార్చాలి. డూమ్ లోపల చెమ్మ చేరితే, వైర్ల కోసం వెనక మూతకు పెట్టిన రంధ్రమే కారణం కావచ్చు. ఆ చెమ్మకు రిఫ్లెక్టర్ మచ్చలు పడితే మొత్తం డూమే మార్చాలి.

అన్నింటికంటే ప్రమాదకరమైన లోపం ఇంకోటి. హెచ్4 రకం కిట్లలో ఒకే బల్బును చిన్న అయస్కాంతం ముందుకు వెనక్కు జరిపి డిమ్, హైబీమ్ చేస్తుంది. దుమ్ముకో, వేడికో అది హైబీమ్‌లో ఇరుక్కుపోతే డ్రైవర్ డిమ్ వేశాననే అనుకుంటాడు. ఎదురొచ్చేవాళ్లకు మాత్రం పూర్తి హైబీమే. ఎవరైనా పదేపదే లైటు కొట్టి హెచ్చరిస్తుంటే తిట్టుకోకుండా, బండి పక్కకు ఆపి చూసుకోవాలి.

చట్టం ఏం చెబుతోంది?

చాలా స్పష్టంగా చెబుతోంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను ఓనర్ ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఇదే తేల్చిచెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

ఇక కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది నేరుగా వెలుగు గురించే. లైటుకు 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు పక్కన, నేలకు మీటరున్నర ఎత్తులో ఉన్న కంటిని చెదరగొట్టకుండా వెలుగు కిందకు వంగి ఉండాలి. అంటే ఎదురొచ్చే మనిషి కన్నే కొలబద్ద. వాట్లూ ల్యూమెన్లూ ఆ తర్వాతే.

మరి అమలు? సైలెన్సర్ మార్చిన బైక్ చెవికి వినిపిస్తుంది, ఆపేస్తారు. లైటు మార్చిన కారు పట్టపగలు ఆపితే ఏమీ తెలియదు. బల్బు డూమ్ లోపల ఉంటుంది. రాత్రి రోడ్డుపై, వెలుగును గోడపై వేయించి చూస్తే తప్ప దొరకదు. పైగా కిట్ల పెట్టెలపై చాలాసార్లు ‘ఆఫ్ రోడ్ యూజ్ ఓన్లీ’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమ్మినవాడు ఆ మాట చాటున తప్పించుకుంటాడు. దొరికితే కట్టేది ఓనరే. వైరింగ్ కోయించిన కారుకు ఎలక్ట్రికల్ వారంటీ, షార్ట్ సర్క్యూట్ అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడొచ్చు.

వెలుగు కావాలంటే దారి లేదా?

ఉంది, అదీ తక్కువ ఖర్చుతో. పసుపుబారిన లెన్స్‌ను పాలిష్ చేయించడం మొదటి పని. రెండోది వైరింగ్. పాత వైర్లలో వోల్టేజ్ పది శాతం తగ్గితే హాలోజన్ వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. రిలేతో మంచి వైరింగ్ వేసి, అదే వాటేజ్‌లో కొత్త కంపెనీ బల్బు పెడితే తేడా తెలుస్తుంది. 100/90 వాట్ల బల్బుల జోలికి పోతే హోల్డరే కరుగుతుంది.

మూడోది లైట్ల ఎత్తు సరిచేయించడం. టైర్లలో గాలి సరిగ్గా నింపి, చదును నేలపై గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపాలి. డిమ్ వెలుగు పై అంచు హెడ్‌లైట్ మధ్యభాగం కంటే 10 నుంచి 15 సెంటీమీటర్లు కింద ఉండాలి. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సామాను ఉంటే డాష్‌బోర్డ్ దగ్గర 0 నుంచి 3 వరకు ఉండే లెవలింగ్ చక్రం తిప్పుకోవాలి. చాలా కార్లలో ఉంటుంది, వాడేవాళ్లే తక్కువ.

కొందరు ప్రొజెక్టర్ లెన్స్ వేయిస్తే సరిపోతుందంటారు. వెలుగు గీత బాగానే వస్తుంది. కానీ అది కూడా మార్పు కిందికే వస్తుంది. పైగా కుడివైపు నడిచే దేశాల కోసం తయారైనది తెచ్చి పెడితే వెలుగు ఎడమ పక్కకు బదులు కుడి పక్కన పైకి లేస్తుంది. మన దగ్గర కుడి పక్కనే ఎదుటి బండి వచ్చేది.

ఒకప్పుడు మన రోడ్లపై హెడ్‌లైట్ పైభాగాన నల్లరంగు పూసేవారు. లారీల వెనక ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని ఇప్పటికీ కనిపిస్తుంది. అప్పటి బల్బులు ఇంత వెలుగు ఇచ్చేవి కావు. అయినా ఎదుటివాడి కన్ను గురించి ఆలోచించేవారు. ఇప్పుడు బల్బు మారింది, ఆ ఆలోచన మాత్రం పోయింది. కిట్ పెట్టించే ముందు ఒక్క పరీక్ష చాలు. బండి లైట్లు డిమ్‌లో వేసి, ఇంట్లోవాళ్లను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, ఎదురుగా నడుచుకుంటూ రావాలి. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వస్తే ఆ లైటు రోడ్డుకు పనికిరాదు.