గాజుకప్పు పగిలినప్పుడు

ఇల్లు గాని, బడి గాని, బండి గాని, కప్పు చక్కగా నున్నంతకాలము దానిని తల యెత్తి చూచువారు లేరు. అది పగిలిన దినమున మాత్రము ఊరంతయు వచ్చి దానిచుట్టు నిలువబడును. గత ఏప్రిల్ నెలలో మా పాఠశాల యావరణమున నట్టి సంగతి యొకటి జరిగినది. అందులో మావలన నొక పొరపాటు కూడ జరిగినది. కావున దానినిగూర్చి యీ వార్షిక సంచికలో కొన్ని మాటలు వ్రాయుట మా విధియని తలంచుచున్నాము.

అవి ఒంటిపూట బడుల దినములు. మా పూర్వ విద్యార్థి యొకరు, గల్ఫు దేశమున పండ్రెండేండ్లు కష్టపడి వచ్చినవారు, తాము క్రొత్తగా కొనిన విద్యుత్ కారులో తమ మేనకోడలిని ఇంటికి తీసికొనిపోవ వచ్చిరి. ఆ కారునకు పైని ఇనుపరేకు లేదు. ముందుటద్దము మొదలు వెనుకవరకు నొకే నల్లని గాజుపలక. పిల్లలందఱు దాని చుట్టు మూగి సంతోషించిరి. ఆయన బండిని చింతచెట్టు క్రింద, సగము నీడలోను సగము ఎండలోను నిలిపి, ప్రధానోపాధ్యాయులవారిని చూడ లోనికి పోయిరి. గంట గడచి వచ్చునప్పటికి ఆ గాజుపై కుడియంచు నుండి నడిమివరకు పాము ప్రాకినట్లొక బీట కనబడినది.

ప్రక్కనే తొమ్మిదవ తరగతి పిల్లలు క్రికెట్టు ఆడుచుండిరి. బంతి రెండుమార్లు చెట్టువైపు పోయినదని యొకరు చెప్పిరి. అంతమాత్రమున మేము బంతి కొట్టిన బాలుని పిలిచి నిలువబెట్టితిమి. “నా బంతి బండి మీద పడలేదు సార్” అని వాడు మూడుమార్లు చెప్పెను. మేము నమ్మలేదు. వాని తండ్రికి కబురు పంపితిమి. ఆయన మామిడితోటలలో కూలిపని చేయువాడు. ఇల్లాలు బీడీలు చుట్టి సంసారమునకు తోడ్పడును. ఆ గాజుపలక వెల యెంత యుండునో వినిన పిదప ఆయన కొంతసేపు మాటలాడలేదు. తరువాత, “నెలనెలా కొంచెం కొంచెం కడత సార్, పిల్లగాన్ని బడికెళ్ళి తియ్యకుండ్రి” అనెను. ఆ మాట మేము మఱచిపోజాలము.

నాలుగవ దినమున కరీంనగరము నుండి గాజు బిగించు పనివాడు వచ్చెను. అతడు చదువుకొన్నది తక్కువయే. బీట పొడవునను గోరు రాచి చూచి, “దెబ్బ తగిలిన గుంట యెక్కడను లేదు” అనెను. అంచున నున్న రబ్బరుపట్టీని మెల్లగా లేవదీసి చూపెను. బీట అచ్చటనే, అంచునకు నిలువుగా, నువ్వుగింజంత పెళ్ళు రాలిన చోట మొదలై, కొంతదూరము తిన్నగా పోయి, పిదప వంకరలు తిరిగియున్నది. రాయిగాని బంతిగాని తగిలి పగిలినచో, తగిలినచోట చిన్న గుంటయు, దానిచుట్టు నక్షత్రమువంటి గీతలును ఉండును. వేడిమిచేత పగిలినచో బీట అంచునుండి బయలుదేరును. ఈ భేదమును పనివాడు క్షణములో కనిపెట్టెను. వేడిమిచేత పదార్థములు వ్యాకోచించునని ప్రతి సంవత్సరము నల్లబల్లపై వ్రాయు మేము, ఆ గాజు దగ్గఱకు పోయి యొకమారు వంగి చూడనైన లేదు! కారు యజమాని ఆ సాయంకాలమే బడికి వచ్చి నిజము చెప్పిరి. మఱునాటి ప్రార్థనకూటమున మేము ఆ బాలుని యెదుట, బడి యందఱి యెదుట, మా తప్పు ఒప్పుకొంటిమి.

ఇట్టి కప్పులు మన ప్రాంతమున నిక మీదట పెరుగును గాని తఱుగవు. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము విద్యుత్ వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించుచు ఉత్తరువు చేసిన పిదప, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో సైతము ఇట్టి బండ్లు కనబడుచున్నవి. విద్యుత్ కారులో బ్యాటరీ నేలక్రింద పఱచియుండును. అందుచే లోని నేల కొంత యెత్తగును. కప్పుక్రింది అడ్డుపట్టీలను తీసి పలుచని గాజుపలకను వేసినచో తలకు చోటు మిగులును, లోపల విశాలముగా తోచును. 2024లో వచ్చిన ఎంజీ విండ్సర్, మహీంద్రా బీఈ 6 మొదలగు బండ్లలో కొన్ని రకములకును, 2025 జూలైలో మనదేశమున అమ్మకమునకు వచ్చిన టెస్లా మోడల్ వై కారునకును ఇట్టి తెఱవరాని గాజుకప్పులే యున్నవి. ఇది వట్టి యాడంబరమని మేమనము. దానికి కారణమును గలదు.

అయితే గాజులన్నియు నొకటి కావు. టెంపర్డ్ గాజు అనునది ఆఱువందల డిగ్రీలకు పైగా కాల్చి, చల్లని గాలిచే ఒక్కసారి ఆర్చినది. దాని పైపొర బిగుసుకొనియుండుటచే మిక్కిలి బలముగా నుండును. కాని యొకచోట ఓడినచో నంతయు నొకేమారు చిన్న చిన్న పలుకులై రాలిపోవును. లామినేటెడ్ గాజు అనునది రెండు పలకలనడుమ పాలీవినైల్ బ్యూటిరాల్ అను జిగురుపొర నుంచి యతికినది. పగిలినను ముక్కలు ఆ పొరనంటి నిలుచును. ఫ్రాన్సు దేశపు రసాయనజ్ఞుడు ఎడ్వార్డ్ బెనెడిక్టస్ ఇట్టి గాజునకు 1909లో పేటెంటు పొందెను. తన ప్రయోగశాలలో క్రిందపడిన గాజుకుప్పె యొకటి, లోపల ఎండిన సెల్యులోజు పొరవలన పగిలియు విడిపోకుండుట చూచి యాయనకు ఆ యూహ పుట్టినదని చెప్పుదురు. పగిలినదానిని పాఱవేయక పరిశీలించుటచేత లోకమునకెంత మేలు కలిగెనో విద్యార్థులు గమనింతురు గాక.

దక్షిణ కొరియా దేశమున 2013 ప్రాంతమున జరిపిన పరీక్షలలో, గాజుకప్పు అంచులయందు కాల్చి యద్దిన నల్లని సెరామిక్ రంగుగల భాగము తక్కిన గాజుకంటె బలహీనమని తేలినది. ఆ చర్చ ఐక్యరాజ్యసమితి వాహన నియమముల సభవఱకు పోయినది. కావున అంచే గాజునకు మర్మస్థానమని తెలియవలెను. మన జిల్లాలో వేసవియందు 45 డిగ్రీలు దాటుట క్రొత్తగాదు. ఎండలో నల్లగాజు గాలికంటె మిక్కిలి వేడెక్కును. ఒక మీటరు గాజు 50 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 0.45 మిల్లీమీటరు పెరుగును. ఇది వెండ్రుకమందముకంటె కొన్ని రెట్లు మాత్రమే. కాని నడిమిభాగము పెరుగగోరగా నీడలోనున్న అంచు పెరుగకున్నచో, ఆ యంచు లాగబడును. అందు ముందే యొక పెళ్ళు రాలియున్నయెడల బీట అచ్చటనుండి బయలుదేరును. దీనికితోడు కరీంనగరము నుండి రాయపట్నము వంతెనవైపు పోవు మా రహదారిపై కంకర లారీలనుండి రాలు రాళ్ళు, చైత్ర వైశాఖముల వడగండ్లు, చెట్టుమీదినుండి దుముకు కోతులు ఉండనేయున్నవి.

మన పెద్దల ఇండ్లపై గూనపెంకులుండెడివి. కోతులు త్రొక్కి ప్రతి యేడును కొన్ని పగులగొట్టెడివి. వానకాలమునకు ముందు ఊరిలోని పనివాడు ఇల్లెక్కి, పగిలిన పెంకు తీసి మంచిది పెట్టిపోవును. తక్కిన కప్పు తక్కినట్లే యుండును. కపెర్నహూములో నలుగురు మనుష్యులు పక్షవాతరోగిని దింపుటకై ఇంటి కప్పు విప్పిరని సువార్తలో చదువుచున్నాము. విప్పినదానిని మఱల కప్పగలిగియుందురు కూడ. గాజుకప్పు అట్టిది కాదు. మూల పగిలినను పలకయంతయు మార్చవలసినదే. రాయి తగిలిన చిన్న గుంట లామినేటెడ్ గాజున నున్నయెడల, రెజిను పోసి నిలుపుట కొన్నిచోట్ల సాధ్యము. అంచును తాకిన బీటకు గాని, టెంపర్డ్ గాజునకు గాని ఆ చికిత్స పనికిరాదు. గోటితో పోవునప్పుడే చూచుకొననిచో గొడ్డలి కావలసివచ్చును.

మార్చుపని యెట్టిదో మేము కరీంనగరమునకు పోయి కన్నులార చూచితిమి. పాత జిగురును సన్నని తీగతో కోసి, పలకను లేవదీసి, అంచులను శుభ్రపఱచి, ప్రైమరు పూసి, క్రొత్త యురెథేన్ జిగురు తెంపులేకుండ వేసి, పీల్చుగిన్నెలతో పట్టిన పలకను ఇద్దఱు మెల్లగా దింపవలెను. ఆ జిగురు గాలిలోని తేమతో గట్టిపడును. అది గట్టిపడువఱకు బండి నడుపరాదు, వెంటనే నీటిపిచికారితో కడుగరాదు. కడపట నీళ్ళు పోసి కారుట లేదని చూడవలెను. జిగురు అరకొరగా వేసినచో మొదటి వానకే నీరు లోనికి దిగి, తీగలను, యంత్రభాగములను చెఱచును. మా పూర్వ విద్యార్థి క్రొత్త పలకకై మూడు వారములు వేచియుండవలసి వచ్చెను. అది హైదరాబాదునందు కూడ సిద్ధముగా లేదు.

ఆ మూడువారములు ఆయన బీటపై పారదర్శకమైన టేపు అంటించి బండి నిలిపివేసిరి. కొందఱట్లు చేయరు. టేపు వేసి యేడాది తిరుగుదురు. లేదా క్రింద తెరలాగి బీట కనబడకుండ చేసి, తెలియనివారికి అమ్ముదురు. బండి కుదుపునకు, ఎండకు బీట దినదినము సాగును. అట్టి కప్పుక్రింద పసిపిల్లలను కూర్చుండబెట్టుట యవివేకము. దాచి అమ్ముట యవివేకము కాదు, అది యబద్ధమే.

ఇట్టి బండ్లు మన యెండలకు తగవు, నిషేధింపవలెనని కొందఱందురు. ఇది ధనవంతుల తలనొప్పి, పాఠశాల పత్రికకేల యని మఱికొందఱందురు. రెంటిని మేము సమ్మతింపము. పన్నెండేండ్ల చెమటతో కొన్న బండి ధనవంతుని యాటవస్తువు కాదు. ఆ గాజు వెలను మోయ సిద్ధపడిన కూలివాడును ధనవంతుడు కాడు. ఇక నిషేధముకంటె తెలివి మేలు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన యుపమానము కారు కొనువారికిని వర్తించును. కొనకముందే నాలుగు సంగతు లడుగవలెను. కప్పు లామినేటెడ్ గాజా, టెంపర్డ్ గాజా? దాని వెలయు కూలియు నెంత? పలక యెన్నిదినములలో వచ్చును? బిగించువారు దగ్గఱలో నున్నారా? జవాబులు వ్రాతమూలముగా తీసికొనవలెను. రెండు రకములు దొరకినప్పుడు లామినేటెడ్ గాజునే కోరవలెను. లేదా ఇనుపకప్పు బండితో తృప్తి పొందవలెను.

బీమానుగూర్చి యొక మాట. సమగ్ర పాలసీలలో సాధారణముగా గాజుభాగములకు అరుగుదల కోత యుండదు. ఇది కొనువారికి మేలు. కాని మూడవ పక్షమునకు మాత్రమే బీమా చేసినవారికి తమ గాజునకై పైసయు రాదు. సొమ్ము కోరినచో, క్లెయిము లేని యేండ్లకు 20 మొదలు 50 శాతమువఱకు వచ్చు తగ్గింపు పోవచ్చును. రెండును లెక్కవేసి పిదప అర్జీ పెట్టవలెను.

విద్యార్థులారా, మీ కొకమాట. ఈ పని మన ప్రాంతమున నేర్చినవారు మిక్కిలి తక్కువ. మన బాలురు చదువు ముగియగానే దూరదేశములకు పోవుటయే దారియని తలంచుచున్నారు. రాబోవు దినములలో ఈ రహదారులపై తిరుగు బండ్లకు గాజు బిగించుట, బ్యాటరీ చూచుట, తీగలు సరిచేయుట వచ్చినవాడు వెల్గటూరుననే గౌరవముగా బ్రదుకగలడు. చేతిపనిని చిన్నచూపు చూడకుడు. ఆ దినమున నొక బాలుని మంచిపేరు కాపాడినది మా పట్టము కాదు, ఆ పనివాని గోరు.

ఆ బాలుడు ఇప్పుడు పదవ తరగతియందున్నాడు. తండ్రి యొక్క రూపాయి కట్టవలసిన యవసరము లేకపోయెను. అయినను ఆ నాలుగుదినములు ఆ యింట నెట్లు గడచెనో మేమెఱుగుదుము. క్షమాపణ చెప్పినంతమాత్రమున అవి తిరిగిరావు. ఇకమీదట మా బడిలో ఏది పగిలినను, ఎవరు చేసిరని యడుగుటకు ముందు, ఎచ్చట మొదలయినదో వంగి చూచెదమని మేము నిర్ణయించుకొంటిమి. తల్లిదండ్రులును తమ యిండ్లలో నట్లే చేయుదురని నమ్ముచున్నాము.