సినిమా వదిలాక

సెకండ్ షో వదిలాక ఇంటిదారిన సాగే మాటలకు తెలుగువాళ్ల జీవితంలో పెద్ద చోటే ఉంది. సైకిల్ స్టాండులో మొదలై, కట్టేయబోతున్న టీ కొట్టు దగ్గర కాసేపు ఆగి, వీధి మలుపులో ఎవరి దారిన వాళ్లు విడిపోయేదాకా అవి తెగేవి కావు. సినిమా బాగుందా లేదా అన్నది థియేటర్ గేటు దాటకముందే తేలిపోయేది. ఆ తర్వాత మాట్లాడుకునేదంతా వేరు: ఆ తండ్రి ఆఖరికి నోరు విప్పకుండా ఎందుకు ఉండిపోయాడు, ఆ పిల్ల ఉత్తరం చదవకుండానే ఎందుకు మడిచి పెట్టేసింది. ఇప్పుడు కొందరు మిత్రులు ఆ మాటల ముందే మైకు పెడుతున్నారు. ఒకప్పుడు ఒకే హాస్టల్ గదిలో ఉండి, తర్వాత ఊళ్లు మారి, దేశాలు మారినవాళ్లు వారానికో పక్షానికో ఒక సినిమా చూసి, దాని గురించి మాట్లాడుకుని, ఆ మాటలను పాడ్‌కాస్ట్‌గా నలుగురికీ వినిపిస్తున్నారు. మనసారా ఆహ్వానించాల్సిన పని ఇది.

సినిమాను చెవులతో చూడటం మనకు కొత్తేమీ కాదు. ఆకాశవాణివారు ‘సంక్షిప్త శబ్దచిత్రం’ అని మూడు గంటల సినిమాను గంటకు కుదించి వినిపిస్తుంటే ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరేవారు. తలుపు చప్పుడును బట్టి ఎవరు వచ్చారో, గజ్జెల సవ్వడిని బట్టి ఎవరు వెళ్లారో ఊహించుకునేవారు. 1977లో ‘దాన వీర శూర కర్ణ’ వచ్చాక కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు ముందు రికార్డులుగా, ఆపైన క్యాసెట్లుగా ఊరూరా మోగాయి. శ్రీరామనవమి పందిట్లో మైకు సెట్టు అబ్బాయి వాటిని పెడితే, సినిమా చూడనివాళ్లకు కూడా కంఠతా వచ్చేసేవి. బొమ్మ లేకుండా బొమ్మను మనసులో కట్టుకునే ఆ అలవాటే పాడ్‌కాస్ట్‌కు పునాది. అయితే అప్పుడు వినిపించింది సినిమా గొంతు. ఇప్పుడు వినిపిస్తున్నది ప్రేక్షకుడి గొంతు.

ఆ గొంతు అవసరం ఇవాళ చాలా ఉంది. సినిమా గురించి మనం ఇంతగా మాట్లాడుకున్న కాలం మరొకటి లేదు. కానీ అందులో ఎక్కువ భాగం మొదటి రోజు వసూళ్లు, రేటింగులు, ఏ హీరో అభిమానులు ఎవరిని ఏమన్నారన్న గొడవలే. ఉదయం ఆట సగంలో ఉండగానే తీర్పు వచ్చేస్తుంది. సినిమాకు టాక్ ముఖ్యమే, కాదనలేం. 1980లో విడుదలైన ‘శంకరాభరణం’కు తొలి రోజుల్లో హాళ్లు పలచగా ఉండేవనీ, చూసినవాళ్ల నోటి మాట మీదే అవి నిండాయనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నోటి మాటలో ఉన్నది అంకెలు కాదు. చూసొచ్చినవాళ్లు జె.వి.సోమయాజులు ముఖం గురించి, ఆ గురుశిష్యుల బంధం గురించి పక్కింటివాళ్లకు ఆపుకోలేక చెప్పారు. అలా చెప్పాలంటే కొంత తీరిక కావాలి, వినే మనిషి మీద నమ్మకం కావాలి. మిత్రుల మధ్య ఆ రెండూ ఉంటాయి.

ఒక్కరే కెమెరా ముందు కూర్చుని చేసే సమీక్షకూ, ముగ్గురు స్నేహితులు మాట్లాడుకోవడానికీ ఉన్న పెద్ద తేడా ఇక్కడే ఉందని మా అభిప్రాయం. ఒంటరి సమీక్షకుడు తన అభిప్రాయంతో వచ్చి, దానితోనే వెళ్లిపోతాడు. స్నేహితుల మధ్య అది మారడానికి వీలుంది. ఉదాహరణకు ‘మాయాబజార్’ మీద మాట్లాడుకుంటున్నారనుకుందాం. 1957 నాటి సినిమా, అందరికీ తెలిసిందే, కొత్తగా చెప్పేదేముంది అనిపిస్తుంది. ఒకరు సావిత్రి దగ్గర మొదలుపెడతారు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె భుజాలు కదిపే తీరులో, పెళ్లి పీటల మీద రేలంగిని హడలగొట్టే చూపులో ఎస్వీ రంగారావు కనిపిస్తారని మురిసిపోతారు. ఇంకొకరు మార్కస్ బార్ట్లీ వెన్నెల గురించి అందుకుంటారు. అప్పటిదాకా వింటున్న మూడో మనిషి, “అవన్నీ సరేరా, భారతకథ తీసి ఇందులో పాండవులను ఒక్కసారైనా చూపించారా?” అని అడుగుతారు. మిగతా ఇద్దరూ ఆగి ఆలోచిస్తారు. నిజమే, తెర మీదికి రారు. రాజ్యం పోయిన బరువంతా సుభద్ర మీద పడుతుంది. అత్తవారి కలిమి పోయాక పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకు అక్కడ మర్యాద ఎలా తగ్గుతుందో, ముచ్చటపడి అనుకున్న మేనరికం ఎలా మాట మారుతుందో రేవతి చెబుతుంది. చిన్నప్పుడు లడ్డూలు, గారెలు గాల్లో ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడితే చూసి నవ్వుకున్న సినిమా కాస్తా ఒక ఇంటి ఆడపడుచు కథ అయిపోతుంది. “నువ్వన్నాక నాకు ఇంకోలా కనిపిస్తోంది” అన్న మాట అక్కడ వస్తుంది. ఆ మాట బహిరంగంగా వినిపించడం ఇప్పుడు ఎంత అరుదో రాజకీయ చర్చలు చూసేవారికి చెప్పనక్కర్లేదు.

ఈ పని బయటికి కనిపించినంత తేలిక కాదు. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదంటే డల్లాస్‌లో వేసవిలో ఉదయం పదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. పిల్లలు పడుకున్నాక ఇక్కడివారు, సెలవురోజు పనులు పక్కన పెట్టి అక్కడివారు కూర్చోవాలి. ఫ్యాను ఆపాలి, లేకపోతే మాటల వెనక హోరు పడుతుంది. గది ఖాళీగా ఉంటే గొంతు మారుమోగుతుంది కాబట్టి కిటికీలకు దుప్పట్లు కట్టాలి. మే నెలలో ఫ్యాను లేకుండా, దుప్పట్ల మధ్య గంటన్నర మాట్లాడటం ఇష్టం ఉంటేనే సాధ్యం. ఇంటర్నెట్‌లో మాట తెగిపోతుందని ఎవరి గొంతు వారు తమ ఫోనులో రికార్డు చేసుకుంటారు. మొదట్లో ముగ్గురూ ఒకేసారి చప్పట్లు కొడితే, ఆ చప్పుడు ఆధారంగా మూడు రికార్డింగులను కలుపుకోవచ్చు. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి చాలు. గంట మాటలను కూర్చుకోవడానికి మాత్రం సెలవురోజు చాలా భాగం హరించుకుపోతుంది. చేసేది ఎక్కువగా ఒక్కరే అవుతారు, వారి గురించి వినేవాళ్లకు తెలియదు. తక్కినవాళ్లు ఆ కష్టాన్ని గుర్తుంచుకుని వంతులు వేసుకుంటే మంచిది.

పాటలతో మరో చిక్కు. విమర్శ, సమీక్షల కోసం పరిమితంగా వాడుకోవడానికి 1957 నాటి మన కాపీరైట్ చట్టం వీలు కల్పిస్తుంది. అయినా పాట ముక్క వినిపించగానే ఆపేసే యంత్రాలు ఈ వేదికల మీద ఉన్నాయి. దాంతో చాలామంది పాట పెట్టడమే మానుకుంటారు. ఇది లోటే. కానీ దీని నుంచి ఒక మేలు కూడా పుడుతోంది. చూపించలేరు, వినిపించలేరు కాబట్టి మాటల్లో చెప్పితీరాలి. ‘మల్లీశ్వరి’లో వాన ఎలా కురిసిందో, భానుమతి కళ్లు ఎటు తిరిగాయో, సాలూరి రాజేశ్వరరావు బాణీ ఎక్కడ నెమ్మదించిందో వినేవాడి కళ్లకు కట్టాలి. ‘సూపర్’, ‘నెక్స్ట్ లెవెల్’ అంటే అక్కడ సరిపోదు. ఈ అభ్యాసం నుంచి తెలుగులో సినిమా గురించి చక్కగా మాట్లాడే ఒక తరం తయారవుతుందని మా ఆశ.

అలాంటి తరం మనకు ఇంతకుముందూ ఉంది. కొడవటిగంటి కుటుంబరావు కథలూ నవలలూ రాస్తూనే సినిమా మీద ఎన్నో వ్యాసాలు రాశారు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా కలకత్తాలో పెట్టిన ఫిల్మ్ సొసైటీ కూడా స్నేహితుల పనే. మన హైదరాబాద్‌లో, కరీంనగర్‌లో ఫిల్మ్ సొసైటీలు నడిపినవారు సినిమా పెట్టెల కోసం తిరిగి, చేతి డబ్బు పెట్టుకుని, ఆట అయ్యాక జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించారు. ఇప్పుడు పెట్టెలు మోయనక్కర్లేదు. శ్రమ తగ్గినప్పుడు చూపు కాస్త దూరం సాగాలి. వారం వారం కొత్త విడుదల వెంట పరుగెత్తే బదులు, గూడవల్లి రామబ్రహ్మం 1938లో తీసిన ‘మాలపిల్ల’ మీద ఒక గంట, బి.నరసింగరావు 1988లో తీసిన ‘దాసి’ మీద ఒక గంట వెచ్చించవచ్చు. వినేవాళ్లు తగ్గుతారేమోనన్న బెంగ సహజమే. ఎంతమంది విన్నారో రోజూ చూసుకోవడం మొదలైతే, ఇష్టమైన సినిమా కన్నా నడిచే సినిమా వైపు మనసు లాగుతుంది. మిత్రుల మధ్య మొదటి మనస్పర్థ కూడా అక్కడే వస్తుంది. దానికి ముందే అందరూ ఒక మాట అనుకోవడం మేలు.

మరొక విన్నపం. మన ఊళ్లలో థియేటర్లు మూతబడుతున్నాయి, ఉన్నవాటిలో ప్రొజెక్షన్ డిజిటల్ అయిపోయింది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడేదని, తెర మూల కుడివైపు పైన చుక్క పడగానే రెండో ప్రొజెక్టర్ అందుకోవాలని తెలిసిన ఆపరేటర్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఒక్కటే ప్రొజెక్టర్ ఉన్న టూరింగ్ టాకీసుల్లో రీలు మార్చే లోపు ఈలలు వేసే జనాన్ని ఓర్చుకున్నవాళ్లు, కార్బన్ కడ్డీల వెలుగులో ఏళ్ల తరబడి ఒకే సినిమాను వందసార్లు చూసినవాళ్లు. ఏ సన్నివేశానికి జనం లేచి బయటికి వెళ్లేవారో, ఏ పాటకు మళ్లీ వేయమని అరిచేవారో వారికి తెలిసినంతగా దర్శకులకు కూడా తెలియదు. వారిలో చాలామందికి డెబ్భై దాటాయి. మైకు చేతిలో ఉన్న మిత్రులు తర్వాతి ఎపిసోడ్‌కు ఏ సినిమా అని చూసుకోవడానికి ముందు, తమ ఊరి పాత టాకీసు ఆపరేటర్ ఇల్లు ఎక్కడో కనుక్కుని, సాయంత్రం వస్తామని ఆ పెద్దాయనకు కబురు పెట్టాలి.