గుమ్మటాల్లేని మసీదు

మసీదు అనగానే మనకు గుమ్మటాలూ మినార్లూ గుర్తొస్తాయి. కోళికోడ్ వెళ్తే మాత్రం కాస్త తికమకపడాల్సిందే. కేరళలోని ఈ రేవుపట్టణంలో, కుట్టిచిర చెరువు దగ్గరున్న మిష్కాల్ మసీదుకు ఆ రెండూ లేవు. నాలుగంతస్తుల కట్టడం. పైకి వెళ్లేకొద్దీ చిన్నవవుతూ పెంకుల వాలుకప్పులు, 47 తలుపులు, లోపల ఎటు చూసినా చెక్కపనే. దూరం నుంచి ఏ గుడో అనిపిస్తుంది. మలబారు వానలకు గుడికైనా మసీదుకైనా వాలుకప్పే దిక్కు మరి!

14వ శతాబ్దంలో దీన్ని కట్టించింది నాఖుదా మిష్కాల్. నాఖుదా అంటే ఓడ యజమాని. చైనా, యెమెన్, పర్షియాలతో వ్యాపారం చేసిన ఈయన సిరిసంపదల గురించి యాత్రికుడు ఇబన్ బతూతా కూడా రాశాడు.

1510 జనవరిలో అల్బుకెర్క్‌తో వచ్చిన పోర్చుగీసు సేన ఊరిమీద పడింది. మసీదుకు నిప్పుపెట్టింది. అప్పుడు రాజు సామూతిరి (మనం పాఠాల్లో చదువుకున్న జామోరిన్) ఊళ్లో లేడు. అయినా నాయర్లూ ముస్లింలూ తిరగబడ్డారు. పోర్చుగీసు సేనాని కౌటిన్హో చనిపోయాడు. అల్బుకెర్క్ గాయాలతో ఓడెక్కాడు.

అసలు కథ ఆ తర్వాతిది. 1571లో సామూతిరి సైన్యం దగ్గర్లోని చాలియంలో పోర్చుగీసు కోటను పట్టుకుని నేలమట్టం చేసింది. ఆ కోట కలపను హిందూ రాజే మసీదు మరమ్మతులకు ఇచ్చాడని కోళికోడ్ వాళ్లు గర్వంగా చెబుతారు. తగలబెట్టినవాళ్ల దూలాలతోనే బాగుచేయడమన్నమాట! పై అంతస్తులో మాడిన చెక్కను మాత్రం పూర్తిగా తీసేయలేదు. ఐదొందల ఏళ్ల నాటి ఆ నల్లటి మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి.