కొట్టింది మనువేనా?

కత్తి పట్టుకున్న ఒక్కడు మాలోడో మాదిగోడో అయితే వాడు రౌడీ. కర్రలు పట్టుకున్న యాభై మంది ఊళ్లో పెద్దకులపోళ్లయితే అది 'ఇరువర్గాల ఘర్షణ'. ఇది మన పత్రికలు నేర్పిన తెలుగు. కథల్ని కూడా ఈ తెలుగుతోనే చదువుతున్నారు కాబట్టే ఒక కథ గురించి మాట్లాడాల్సి వస్తోంది.

బాబూరావు బాగుల్ మరాఠీలో రాసిన 'జేవ్హా మీ జాత్ చోర్లీ హోతీ' ఆ కథ. 1963లో వచ్చిన ఆయన కథల పుస్తకానికీ అదే పేరు. నేను కులం దొంగిలించినప్పుడు అని అర్థం. ఒక మహర్ కుర్రాడు రైల్వే ఉద్యోగానికి సూరత్ పక్కనున్న ఉధ్నా పోతాడు. కవి. దేశం మీద బోలెడంత ఆశ. తలదాచుకోను చోటు కావాలంటే రణ్‌ఛోడ్ కులం అడుగుతాడు. కుర్రాడు పెద్ద పెద్ద మాటలు చెప్పి తప్పించుకుంటాడు. తివారీ అతని కవిత్వం విని నెత్తిన పెట్టుకుంటాడు. అక్కడే కాశీనాథ్ సప్కాళ్ అని ఇంకో మహర్ ఉన్నాడు. వాడు కులం దాచడు, అవమానిస్తే కత్తి తీస్తాడు. నిజం బయటపడ్డాక నెత్తిన పెట్టుకున్నోళ్లే కవిని గుంపుగా పడి కుమ్మేస్తారు. అడ్డంపడి బతికించింది కాశీనాథూ వాడి కత్తీ.

నేను ఎమ్మే చదివేటప్పుడు ఈ కథ మీద క్లాసులో చర్చ జరిగింది. మేష్టారు కవిని ఉదాత్తుడన్నారు, కాశీనాథ్‌ని హింసావాది అన్నారు. గుంపుకి మాత్రం ఏ పేరూ పెట్టలేదు. తివారీని 'పాపం, మోసపోయాడు' అన్నారు! వెనక బెంచీలోంచి ఒకడు లేచి 'ముందే కులం చెప్పుంటే ఈ గొడవే లేదుగా' అన్నాడు. చెప్పినోడు కాశీనాథే కదరా, వాడికి ఒరిగిందేంది అని నేనడిగాను. మేష్టారు గడియారం చూసుకున్నారు.

ముందే చెబితే ఏమవుద్దో చెబుతాను. గుంటూర్లో నేనూ నా రూమ్మేటూ గది కోసం తిరిగాం. 'మీరేమిట్లండీ?' అనేది మా వైపు ఎంతో మర్యాదైన ప్రశ్న. 'అండీ' కూడా ఉంటది. అది అడగలేని నాజూకు మనిషైతే ఇంటిపేరు అడుగుతాడు. ఇంటిపేరుతో తేలకపోతే ఊరు, ఊరితో తేలకపోతే ఆదివారం గుడికెళతారా చర్చికెళతారా అని. మేం మాదిగోళ్లమండీ అని గుమ్మంలోనే చెప్పేశాం. 'అయ్యో, నిన్ననే ఇచ్చేశామయ్యా' అంది ఇంటావిడ. పది రోజుల తర్వాత అటుగా పోతే టు-లెట్ బోర్డు అట్లాగే వేలాడుతోంది.

అంచేత కులం దాచినోణ్ణి దొంగ అనేముందు ఆగండి. దొంగిలించడానికి అదేమన్నా మనం కోరుకున్న సొత్తా? కథ పేరులో ఉన్న వెటకారం మా మేష్టారి చెవికి ఎక్కలేదు. ఎవడి కవిత్వం వాడిది కాకుండా పోయింది, ఎవడి పేరు వాడిది కాకుండా పోయింది? నిన్నటి దాకా గొప్పవైన పద్యాలు ఇవాళ ఒక్క మాటతో మహరోడి పద్యాలైపోయాయి. అక్షరం మారలేదు.

బాగుల్‌తో నాకో పేచీ ఉంది. దెబ్బలు తిన్నాక ఆ కవి, తనని కొట్టింది వాళ్లు కాదు, మనువు అన్నట్టు మాట్లాడతాడు. మా మేష్టారికి బాగా నచ్చింది ఇదే. క్షమాగుణమట. బాగుల్ ఉద్దేశం క్షమ అని నేననుకోను. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో అంబేద్కర్ నాయకత్వాన మనుస్మృతిని తగలబెట్టిన జాతి మనిషి ఆయన. కొట్టే చేతుల్లోకి ఆ పుస్తకం ఎట్లా దూరిందో చూపించాడు. బాగానే ఉంది. కానీ మనువుకి చేతుల్లేవు. కొట్టిన చేతులకి పేర్లున్నాయి, ఇళ్లున్నాయి, ఒకటో తారీఖున జీతం అందుకునే సంతకాలున్నాయి. వాటిని వదిలేసి మనువుని పట్టుకుంటే ఎవరికి సుఖమో మన నేల మీద చూశాం.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి కడగొద్దని అడ్డం చెప్పి, కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. ఎత్తిన బిందె ఆయుధమైపోయింది. ఊరు ఎత్తిన గొడ్డళ్లు మాత్రం ఆవేశం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది. అక్కడ మొదలు సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీటుకి తగలడం. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు, నేరం రుజువు కాలేదని శిక్షలన్నీ కొట్టేసింది.

మరి ఆ గోతాల మూతులు కట్టింది ఎవరు? మనువా?

అదే ఉధ్నాలో కాశీనాథ్ మీద కేసు పెట్టుంటే నిలబడేది. కత్తి దొరికేది, చెయ్యి దొరికేది. పేరూ కులమూ వాడే ముందే చెప్పున్నాడు.