సైకిలుకు కావలసినది దారి

పిల్లవానికి సైకిలు కొనియిచ్చుట సులభము. వాడు దానినెక్కి నిర్భయముగా పోదగిన దారి చూపుట కష్టము. ఈ రెండవ పనిని గూర్చి పెద్దలమైన మనము తగినంత ఆలోచింపలేదని నా అభిప్రాయము. అట్లు ఆలోచింపనివారిలో నేనును ఒకడను గనుక, నా తప్పుతోనే ఈ వ్యాసమును ఆరంభింతును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆదివారమున తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని సైకిలు యాత్రకు బయలుదేరితిని. హోసూరునుండి కృష్ణగిరి వైపు పోవు జాతీయ రహదారి విశాలమైనది, నున్ననిది. దారి తప్పుదుమను భయము లేనిది. అందుచేతనే దానిని ఎన్నుకొంటిని. అరగంట గడిచినదో లేదో, ఒక లారీ మా ప్రక్కనుండి దూసుకొనిపోయెను. అది ఎవరిని తాకలేదు. దాని గాలి మాత్రము తాకినది. పదవ తరగతి బాలిక ఒకతె తూలి, రోడ్డు దిగువన మట్టిలో పడినది. మోచేతి గాయముతో ఆపద తప్పినది. మరునాడు ఆమె తండ్రి బడికి వచ్చెను. కోపపడలేదు. "అయ్యవారూ, పిల్లకు తెలియదు సరే, ఆ రోడ్డు సంగతి మీకూ తెలియదా?" అని మాత్రము అడిగెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు.

ఆనాటినుండి ఆ బాలిక సైకిలు ఇంటి గోడకు చేరినది. అంతటితో పోయినయెడల నేను ఇంతగా చింతింపకపోదును. తెలుగులో పై తరగతులు చదువుటకు ఆమె పోవలసిన బడి 7 కిలోమీటర్ల దూరమున ఉన్నది. బస్సు బడివేళకు కలిసిరాదు. సైకిలుపై పంపుటకు తండ్రికి ధైర్యము లేదు. పదవ తరగతితో చదువు చాలింతుమను మాట ఆ ఇంట వినవచ్చినది. పదకొండవ తరగతి చేరిన పిల్లలకు తమిళనాడు ప్రభుత్వము ఉచితముగా సైకిలు ఇచ్చుచున్నది. మెచ్చుకొనదగిన పని. కాని సైకిలు బడిలో చేరిన తరువాత వచ్చును. భయము చేరకముందే వచ్చును.

ఆ భయము నిష్కారణమైనదా? కాదు. రహదారిపై లారీ గంటకు 60, 70 కిలోమీటర్ల వేగమున పోవును. పిల్లవాని సైకిలు 12 కిలోమీటర్లు పోయిన గొప్ప. ఈ వ్యత్యాసమును ఏ నేర్పును పూడ్చలేదు. పిల్లవాడు ఎంత జాగరూకుడైనను, వెనుకనుండి వచ్చుదానిని చూడజాలడు. కావున లోపము సైకిలులో లేదు, పిల్లలో లేదు. ఆ రెంటిని లారీలతో కలిపి ఒకే దారిని నడుపుటలో ఉన్నది.

ఇతర దేశములవారు ఈ చిక్కును ఎట్లు విప్పిరో చూడుడు. బ్రిటనులో 1963 నాటి ఒక నివేదికను అనుసరించి, గిట్టుబాటుకాని రైలు మార్గములను అనేకము మూసివేసిరి. పట్టాలు తీసివేయగా కట్టలు మిగిలినవి. రైలు నిట్టమైన ఎత్తును ఎక్కలేదు గనుక ఆ కట్టలు మెల్లగా ఎక్కి మెల్లగా దిగును. చిన్నపిల్లలు సైతము ఆయాసపడక త్రొక్కవచ్చును. బ్రిస్టలు, బాత్ నగరముల నడుమ నున్న అట్టి కట్టపై 1979లో పని మొదలుపెట్టి, 1986 నాటికి 13 మైళ్ల సైకిలు బాటను సిద్ధముచేసిరి. స్పెయినువారు 1993 నుండి పాత రైలు మార్గములను "పచ్చని దారులు" అను పేర ఇట్లే మార్చుచున్నారు. ఆ బాటలపై మోటారు వాహనము రాదు. తాతలు మనుమలతో కూడి పల్లెలమీదుగా పోవుదురు.

మన ప్రాంతమునను పట్టాలు తీసిన మార్గములు ఉండెను. మొరప్పూరునుండి ధర్మపురికి 1906లో వచ్చిన చిన్నరైలు 1913లో హోసూరుదాక సాగి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున 1941లో నిలిచిపోయినది. 1905లో తిరుపత్తూరునుండి కృష్ణగిరికి వేసిన మార్గమునకును యుద్ధకాలముననే అదే గతి పట్టినది. నేటికిని కృష్ణగిరి పట్టణమునకు రైలు లేదు. పట్టాలు పోయిన కట్ట పిల్లలకు బాట కాగలదను తలంపు ఆనాడు మనకు దూరము.

ఇటీవల మన దేశమునను ప్రయత్నములు జరిగినవి. ఉత్తరప్రదేశములో ఇటావానుండి ఆగ్రాకు 207 కిలోమీటర్ల సైకిలు మార్గమును 2016లో తెరచిరి. హైదరాబాదులో బాహ్య వలయ రహదారి వెంబడి 23 కిలోమీటర్ల బాటపై సౌరవిద్యుత్తు పలకలతో కప్పువేసి 2023లో ప్రారంభించిరి. రెండును గొప్ప పనులే. కాని అట్టి ధనము మన పంచాయతీలకు ఎక్కడిది? కట్టిన దానిని కాపాడుట కట్టుటకంటె కష్టమని కూడ తెలిసినదే.

నేను చెప్పదలచినది ఇది: మనము క్రొత్తగా వేయనక్కరలేదు. మన పూర్వులు వేసి ఉంచినారు. చెరువు కట్ట, కాలువ గట్టు, పొలముల నడుమ బండ్లదారి - ఇవియే మన పచ్చని దారులు. నీరు పల్లమెరుగును గనుక, నీటి వెంట పోవు గట్టు రైలుకట్ట వలెనే సమముగా ఉండును. ప్రక్కన కానుగ, చింత నీడనిచ్చును. దారి కొంత చుట్టు కావచ్చును. ప్రాణమునకు మాత్రము దగ్గర.

పశ్చాత్తాపముతో నేను ఆ తండ్రి యింటికి పోయి, "ఒక ఆదివారము నాతో రండి, వేరొక దారి చూతము" అని వేడితిని. ఆయన తన పాత సైకిలుకు గాలి కొట్టించుకొని వచ్చెను. బాలికయు వచ్చినది. చెరువు కట్ట ఎక్కి, తూము దగ్గర దిగి సైకిళ్లు నడిపించుకొని, రాగి చేల నడుమ బండ్లదారిని పట్టితిమి. 7 కిలోమీటర్ల దూరము 9 అయినది. ఆ త్రోవలో మాకు ఎదురైనవి ఒక ట్రాక్టరు, రెండు మేకల మందలు. ట్రాక్టరువాడు మమ్ము చూచి తానే ప్రక్కకు తీసి నిలిపెను. అతడు ఆ తండ్రికి ఎరిగినవాడే. బడి గేటు ముందు దిగి, తండ్రి చాలసేపు వచ్చిన దారివైపు చూచి, "వాన పడితే కట్ట జారుతుంది, ఆ నాలుగు దినాలు నేను దింపుతాను" అనెను. ఆ మాటతో ఆ బాలిక చదువు నిలిచినది.

ఇట్టి దారులు బడికి పోవుటకే కాదు, దేశము చూచుటకును తగినవి. రహదారిపై ఊరిపేరు ఒక పలక, చదువులోపల దాటిపోవును. బండ్లదారిలో ఊరు ఒక మనిషి. మంచినీళ్లిచ్చి, ఎవరి పిల్లలని అడుగును. ఒక ఊర తెలుగు, మరుసటి ఊర కన్నడము, ఆపైన తమిళము వినబడును. కెలవరపల్లి, తొరపల్లి అను పేర్లలోని పల్లె ఎవరిదో పిల్లలు తామే తెలిసికొందురు. 1878లో రాజగోపాలాచారిగారు జన్మించిన గ్రామము తొరపల్లియే. ఆయన జీవితమును పుస్తకములో చదివిన పిల్లవాడు, ఆ వీధిలో సైకిలు దిగి నిలిచినప్పుడు, ఇంత చిన్న ఊరినుండి అంతటివాడు వచ్చెనా అని ఆశ్చర్యపడును. ఆ ఆశ్చర్యమే చదువు.

ఆక్షేపణలు లేకపోలేదు. నిర్జనమైన దారిని ఆడపిల్లలను ఎట్లు పంపుదుమని తల్లులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఒంటరిగా పంపరాదు, నలుగురైదుగురు కలిసి పోవలెను, పెద్దలు ముందు తాము పోయి, దారిలోని ఇండ్లవారిని పరిచయము చేసికొనవలెను. చలికాలమున సానమావు అడవి ప్రాంతమునకు ఏనుగుల గుంపులు వచ్చుచుండును. ఆ దినములలో ఊరివారిని అడుగక ఆ వైపు పోరాదు, ప్రొద్దు వాలకముందే ఇల్లు చేరవలెను. రైతు ట్రాక్టరును ఆపుట నా ఉద్దేశము కాదు; గట్టు అతనిది. కాని రాయి, మట్టి తోలు టిప్పరు లారీలు అడ్డదారియని కట్టలపైకి ఎక్కుచున్నవి. కట్ట కుంగును, పిల్ల బెదరును. ట్రాక్టరు పట్టి, టిప్పరు పట్టని ఎత్తున రెండు రాతిస్తంభములపై ఒక అడ్డుకమ్మి ఉన్న చాలును.

దీనికి ఎవరిని అడుగవలెను? గ్రామసభను. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 - ఈ దినములలో సభ కూడును. తలిదండ్రులు పదిమంది సంతకములు చేసి, ఫలానా కట్ట పిల్లల దారి, దీనిని లారీలనుండి కాపాడుడని తీర్మానము కోరవలెను. కోట్లు అక్కరలేదు, రెండు స్తంభములు, ఒక కమ్మి, ఏటికొకమారు ముళ్లకంపల కొట్టివేత.

విద్యార్థులారా! మీ వంతును కలదు. బ్రేకులు సరిచూచుకొనుడు. గాలిపంపును, పంక్చరు సామానును, మంచినీళ్లను మరువకుడు. మొదటి యాత్ర 15 కిలోమీటర్లకు మించనీయకుడు. పెద్దవాడు వెనుక ఉండవలెను. అందరికంటె మెల్లగా త్రొక్కువాని వేగమే అందరి వేగము కావలెను. చేలగట్టున కాయ కోయకుడు. దారి మనకు మిగులుట రైతు దయవలన అని మరువకుడు.

తలిదండ్రులారా! ఆ రోడ్డు సంగతి మీకు తెలియదా యని ఒక తండ్రి నన్ను అడిగెను. ఆ ప్రశ్నకు నాడు తల వంచుకొంటిని. నేడు అదే ప్రశ్నను కొంచెము మార్చి మిమ్ము అడుగుచున్నాను: మీ ఊరి కట్ట సంగతి మీకు తెలియదా? వచ్చు ఆదివారము మీ బిడ్డతో కూడ ఒకమారు దానిపై పోయి చూడుడు.